ఇంజనీరింగ్ ల్యాబుల్లో క్లాసుల రూపకల్పనకూ చోటు కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలైందంటే ఏ కళాశాలలో కంప్యూటర్ సైన్స్ సీటు ఏ ర్యాంకు దాకా వచ్చింది, ఫీజు ఎంత, నిరుడు ఎందరికి ఉద్యోగాలు దొరికాయి అన్న సమాచారానికి పత్రికలన్నీ పేజీలకు పేజీలు కేటాయిస్తాయి. ఆ సీటు దక్కినవారికి తరగతి గదిలో ఏం చెబుతున్నారు, ల్యాబులో ఏం చేయిస్తున్నారు అన్నది మాత్రం అరుదుగా చర్చకు వస్తుంది. అందులో ఒక్క విషయం మీ పాఠకుల ముందుంచాలని ఈ లేఖ రాస్తున్నాను. కంప్యూటర్ సైన్స్ విద్యార్థులు దాదాపు అందరూ జావా ద్వారానో సీ ప్లస్ ప్లస్ ద్వారానో ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్, అంటే ప్రోగ్రామును క్లాసులు, ఆబ్జెక్టులుగా విడగొట్టి రాసే పద్ధతి, చదువుతారు. ఇక్కడ క్లాస్ అంటే తరగతి కాదు, ఒక రకం వస్తువుకు ఉండే సమాచారాన్ని, అది చేసే పనులను వర్ణించే కోడ్ నమూనా; ఆ నమూనా ప్రకారం తయారైన ఒక్కో వస్తువు ఆబ్జెక్ట్. క్లాస్ ఎలా రాయాలో, దాని నుంచి ఆబ్జెక్ట్ ఎలా సృష్టించాలో నేర్చుకుంటారు. ఒక సమస్యను ఏయే క్లాసులుగా విడగొట్టాలి, ఏ బాధ్యతను ఏ క్లాసుకు అప్పగించాలి, ఏ సంగతి ఏ క్లాసు గడప దాటకూడదు అన్న ఆలోచనను మాత్రం వారి చేత చేయించడం లేదు. చాలా ఏళ్లుగా ప్రోగ్రాములు రాయడం, కొత్తగా ఉద్యోగంలో చేరినవారు రాసిన కోడ్‌ను చదివి సలహాలు ఇవ్వడం నా వృత్తి కనుక, ఈ లోటు ఎక్కడెక్కడ బయటపడుతుందో చూస్తూనే ఉన్నాను.

ఇంటర్వ్యూకు వచ్చిన అభ్యర్థిని ఎన్‌క్యాప్సులేషన్ అంటే ఏమిటని అడిగితే, డేటాను, ఆ డేటా మీద పనిచేసే మెథడ్లను (క్లాసు చేసే ఒక్కో పనికి రాసిన కోడ్‌ను) ఒకచోట చేర్చి ఉంచడమని తడుముకోకుండా చెబుతారు. ఇన్‌హెరిటెన్స్ (ఒక క్లాసులోని అంశాలను దాని కింద రాసిన సబ్‌క్లాసు వారసత్వంగా పొందడం) ఎన్ని రకాలో వరుసగా అప్పజెబుతారు. ఆ వెంటనే వారే రాసిన క్లాసును చూపించి, ఈ ఫీల్డును (క్లాసులో దాచిన ఈ విలువను) ఎవరు మార్చవచ్చు, ఎప్పుడు మార్చకూడదు, మార్చకూడని వేళ ఎవరైనా మార్చబోతే ఈ క్లాసు ఏం చేస్తుంది అని అడిగితే ఆగిపోతారు. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. ప్రశ్నపత్రం నిర్వచనాన్ని ఉదాహరణతో సహా రాయమంటుంది, వారు రాస్తారు, మార్కులు వస్తాయి. ఆ ఉదాహరణ కూడా ఎప్పుడూ ఒక్కటే: జంతువు అనే క్లాసు, దాని కింద కుక్క, పిల్లి. కుక్క మొరుగుతుందని, పిల్లి మ్యావ్ అంటుందని తెర మీద అచ్చవుతుంది. ఆ కుక్క క్లాసు కాపాడవలసిన నియమం ఒక్కటీ లేదు, రేపు దానికి రాబోయే మార్పూ లేదు, అది తప్పుగా నడిస్తే నష్టపోయేవారూ లేరు. అటువంటి ఉదాహరణతో క్లాస్ రాసే పద్ధతి తెలుస్తుందేమో గాని, క్లాస్ ఎందుకు అవసరమైందో ఎంత తెలివైన విద్యార్థికైనా తెలిసే అవకాశం లేదు.

దీని తరువాత ఎక్కువగా కనిపించేది గెటర్లు (ఫీల్డు విలువను బయటికి ఇచ్చే మెథడ్లు), సెటర్ల (దాన్ని బయటి నుంచి మార్చనిచ్చే మెథడ్ల) అలవాటు. ఫీల్డులన్నిటినీ ప్రైవేట్‌గా, అంటే క్లాసు బయటి కోడ్‌కు అందకుండా, పెట్టాలని చెబుతారు, అది మంచిదే. ఆ మరుక్షణమే ప్రతి ఫీల్డుకూ ఒక గెటర్, ఒక సెటర్ రాయమంటారు. ఎడిటర్‌లో ఒక మీట నొక్కితే అవన్నీ వాటంతటవే వచ్చి కూర్చుంటాయి. బ్యాంకు ఖాతా క్లాసులో నిల్వ అనే ఫీల్డు ప్రైవేటే, కానీ సెట్‌బ్యాలెన్స్ అనే మెథడ్‌ను పిలిచి ప్రోగ్రాములోని ఏ మూల నుంచైనా ఆ నిల్వను ఎంతకైనా మార్చవచ్చు. ఇది ఇంటి చుట్టూ ప్రహరీ కట్టి గేటు బార్లా తెరిచి పెట్టడం వంటిది. ఖాతాలో ఉన్నదానికన్నా ఎక్కువ తీయకూడదు, జమ చేసే మొత్తం రుణసంఖ్య కాకూడదు, ప్రతి మార్పుకూ లావాదేవీల జాబితాలో ఒక పంక్తి ఉండాలి అన్నవి ఖాతాకు సంబంధించిన నియమాలు. అవి ఖాతా క్లాసులో లేనప్పుడు, ఖాతాను వాడే ప్రతిచోటా మళ్లీ మళ్లీ రాయవలసి వస్తుంది, ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు మరిచిపోతారు. సెట్‌బ్యాలెన్స్ తీసేసి జమ, ఉపసంహరణ అనే రెండు మెథడ్లను మాత్రమే బయటికి కనబడనిస్తే, ఆ నియమాలను తప్పించుకునే దారి ఉండదు. ఆబ్జెక్టులోని విలువను బయటికి లాగి, నిర్ణయం బయట తీసుకుని, ఫలితాన్ని తిరిగి లోపలికి తోయడం కన్నా, ఆ పనిని ఆబ్జెక్టుకే అప్పగించడం మేలని ఈ ఒక్క క్లాసుతోనే చూపించవచ్చు. ఇందుకు అరగంట చాలు.

అసలు ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో పిల్లలకు చెబితే వారికి దాని విలువ తెలుస్తుంది. క్లాస్, ఆబ్జెక్ట్, సబ్‌క్లాస్ అన్న భావనలకు తొలిరూపం నార్వేలోని ఓస్లో నగరంలో తయారైన సిములా భాషలో, 1967 నాటికి కనిపిస్తుంది. దాన్ని రూపొందించిన ఓలే యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ 2001 సంవత్సరానికి కంప్యూటర్ శాస్త్రంలో ఇచ్చే ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. వారు తలపెట్టింది నిజప్రపంచంలోని వ్యవస్థలను కంప్యూటరులో అనుకరించడం. బారులో నిలబడిన మనిషికి, ఆ బారుకు, ఎదుటనున్న కౌంటరుకు వేటి నడత వాటికి ఉంటుంది కనుక, ఆ నడతను విడివిడిగా వర్ణించే సాధనం వారికి కావలసి వచ్చింది. అంటే క్లాస్ పుట్టినది సమాచారాన్ని మోసే సంచిగా కాదు, ప్రవర్తన గల వస్తువు వర్ణనగా.

రూపకల్పనకు కొలబద్ద ఏమిటన్న ప్రశ్నకు నాకు తెలిసినంతలో అన్నిటికన్నా స్పష్టమైన జవాబు 1972లో డేవిడ్ పార్నాస్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త రాసిన ఒక చిన్న పరిశోధన వ్యాసంలో ఉంది. ఆయన ఒక సూచికను తయారుచేసే ప్రోగ్రామును తీసుకుని, దాన్ని రెండు విధాలుగా విడగొట్టి చూపారు. మొదటి పద్ధతిలో పని జరిగే క్రమాన్ని బట్టి భాగాలు చేశారు: పంక్తులను చదివేది ఒకటి, ప్రతి పంక్తిలో మొదటి పదాన్ని చివరికి జరుపుతూ పోయేది ఒకటి, అక్షరక్రమంలో పెట్టేది ఒకటి, అచ్చువేసేది ఒకటి. చూడడానికి ఇది సహజంగానే ఉంటుంది, మన ల్యాబుల్లోనూ ఇలాగే విడగొడతారు. కానీ పంక్తులను మెమరీలో ఏ రూపంలో దాచారన్న సంగతి ఈ భాగాల్లో చాలావాటికి తెలిసి ఉండాలి కనుక, ఆ రూపం మారితే వాటన్నిటినీ విప్పాలి. రెండో పద్ధతిలో ఆయన, రేపు మారే అవకాశమున్న ప్రతి నిర్ణయాన్నీ ఒక్కొక్క భాగం లోపల దాచారు. అప్పుడు పంక్తులను దాచే తీరు మారినా ఒక్క భాగాన్ని తిరగరాస్తే సరిపోతుంది. ఆ వ్యాసంలో క్లాసుల మాట లేదు, అయినా క్లాసులు గీయడానికి కూర్చున్న ప్రతి ఒక్కరూ ముందు వేసుకోవలసిన ప్రశ్న అదే: ఇందులో ఏది మారుతుంది, ఆ మార్పును ఎక్కడ బంధించాలి?

ఈ ప్రశ్న బలాన్ని చూపడానికి మన ల్యాబ్ రికార్డుల్లో ఏళ్ల తరబడి ఉన్న కరెంటు బిల్లు ప్రోగ్రామే చాలు. వినియోగదారు పేరు, సర్వీసు నంబరు, గత నెల రీడింగ్, ఈ నెల రీడింగ్, కనెక్షన్ రకం అడిగి, శ్లాబుల ప్రకారం లెక్క కట్టి బిల్లు అచ్చువేయాలి. విద్యార్థులు రాసేది సాధారణంగా ఒకే క్లాసు. కీబోర్డు నుంచి చదవడం, లెక్క కట్టడం, అచ్చువేయడం మూడూ అందులోనే ఉంటాయి, శ్లాబుల ధరలు ఇఫ్, ఎల్స్ వరుసల మధ్య అంకెలుగా దిగబడి ఉంటాయి. ఇచ్చిన రెండు రీడింగులకు సరైన మొత్తం రాగానే సంతకం పడుతుంది. పాఠం అక్కడితో ముగుస్తోంది. నా దృష్టిలో మొదలవవలసినది అక్కడ.

మొదట ధరల సంగతి చూద్దాం. విద్యుత్ నియంత్రణ మండలి కొత్త టారిఫ్ ఉత్తర్వు ఇచ్చిందనుకుందాం. విద్యార్థి ఇఫ్ వరుసల్లోని పాత అంకెలు చెరిపి కొత్తవి రాస్తారు. కొన్ని నెలల తరువాత ఒక వినియోగదారు పాత బిల్లు మీద ఫిర్యాదు తెస్తే, దాన్ని పాత ధరలతో మళ్లీ లెక్క కట్టాలి, కానీ ఆ ధరలు ప్రోగ్రాములో ఇప్పుడు లేవు. కాబట్టి టారిఫ్ తనంతట తానే ఒక క్లాసు కావాలి, అది ఏ తేదీ నుంచి అమల్లో ఉందో దానికి తెలియాలి. పైగా శ్లాబుల లెక్క పాఠ్యపుస్తకం అనుకున్నంత సూటిగా ఉండదు. తెలంగాణ గృహ వినియోగ టారిఫ్‌లో నెల మొత్తం వినియోగం 100 యూనిట్లు దాటితే, ఆ దాటిన యూనిట్లకే గాక మొదటి యూనిట్లకు వర్తించే ధర కూడా మారుతుంది. అంటే టారిఫ్ అంటే కేవలం ధరల పట్టిక కాదు, ఆ పట్టికను ఎలా వర్తింపజేయాలన్న విధానం కూడా అందులో భాగమే. టారిఫ్ క్లాసు బయటి ప్రపంచానికి ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి: ఇన్ని యూనిట్లకు ఎంత? శ్లాబులు ఎన్ని, వాటి హద్దులు ఏవి, లెక్క ఏ తీరున సాగుతుంది అన్నవి బిల్లు క్లాసుకు తెలియనవసరం లేదు, తెలియకూడదు కూడా.

ఇక్కడే మరో సూక్ష్మం ఉంది, తెలుగు విద్యార్థులకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు. 2024 మార్చి నుంచి తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు ఇస్తున్నారు. ఈ మార్పు చేయమంటే చాలామంది టారిఫ్‌లోని ధరలను సున్నా చేస్తారు, లేదా బిల్లు మెథడ్ మొదటి పంక్తిలోనే యూనిట్లు 200 లోపు ఉంటే సున్నా తిరిగి ఇస్తారు. వినియోగదారు చేతికి వచ్చే కాగితం సరిగానే ఉంటుంది. కానీ ఆ కరెంటు ఖరీదును ప్రభుత్వం పంపిణీ సంస్థకు చెల్లించాలి కదా, ఆ మొత్తం ఎంతో ఈ ప్రోగ్రాము చెప్పలేదు, ఎందుకంటే దాన్ని అది లెక్కే కట్టలేదు. టారిఫ్ ప్రకారం అయిన ఛార్జీ వేరు, అందులో ఎవరు ఎంత భరిస్తారన్నది వేరు. మొదటిది టారిఫ్ బాధ్యత, రెండోది రాయితీ అనే మరో క్లాసు బాధ్యత. బిల్లు ఈ రెండింటినీ అడిగి కలుపుకుంటుంది. ఒక పథకం అర్హతలు మారినా, పథకమే రద్దయినా, ఇంకొకటి వచ్చినా టారిఫ్ క్లాసును ముట్టుకోవలసిన పని ఉండదు. ఒక క్లాసు మారడానికి ఒకే రకమైన కారణం ఉండాలన్న సూత్రాన్ని నల్లబల్ల మీద రాసి వివరిస్తే పిల్లలకు నిద్ర వస్తుంది, ఈ సున్నా బిల్లుతో వివరిస్తే వారికి జీవితాంతం గుర్తుంటుంది.

రీడింగుల దగ్గరికి వద్దాం. ఈ నెలది నుంచి గత నెలది తీసేస్తే యూనిట్లు వస్తాయన్నది పుస్తకం మాట. మీటరు కాలిపోయి నెల మధ్యలో కొత్తది బిగిస్తే పాత మీటరు చివరి రీడింగు, కొత్త మీటరు తొలి రీడింగు రెండూ లెక్కలోకి రావాలి. అయిదంకెల మీటరు 99999 దాటితే మళ్లీ సున్నాకు వస్తుంది, అప్పుడు తీసివేత రుణసంఖ్యను ఇస్తుంది. తలుపు తాళం వేసి ఉండి రీడింగు తీయలేకపోతే సగటు మీద బిల్లు వేసి, తరువాతి నెలలో సర్దాలి. రీడింగు నాలుగు రోజులు ఆలస్యమై యూనిట్లు పై శ్లాబులోకి జరిగాయని వినియోగదారులు వాపోవడం మనం వింటూనే ఉంటాం, అంటే యూనిట్లతో పాటు అవి ఎన్ని రోజులవో కూడా తెలియాలి. ఈ జ్ఞానమంతా వినియోగం అనే ఒక క్లాసులో ఉంటే, దాని కన్‌స్ట్రక్టర్ (ఆబ్జెక్టును తయారుచేసే కోడ్) అర్థం లేని రీడింగులను మొదట్లోనే తిప్పికొడుతుంది, దాన్ని దాటి తయారైన ప్రతి ఆబ్జెక్టూ నమ్మదగినదిగా ఉంటుంది. అలా కాక తీసివేత బిల్లులో ఒకసారి, నెలవారీ నివేదికలో ఒకసారి, ఫిర్యాదుల విభాగంలో ఒకసారి జరిగితే, మీటరు మార్పిడిని ఒకచోట సరిచేసి మిగిలిన రెండు చోట్ల వదిలేయడం తప్పనిసరిగా జరుగుతుంది. ఒకే ఇంటికి మూడు చోట్ల మూడు యూనిట్ల సంఖ్యలు కనబడితే ఏది నిజమో తేల్చడానికి పట్టే కాలం, ఆ క్లాసును సరిగా రాయడానికి పట్టే కాలం కన్నా ఎన్నో రెట్లు.

కనెక్షన్ రకం అన్నచోట ఇన్‌హెరిటెన్స్ వచ్చిపడుతుంది. వినియోగదారు అనే క్లాసు, దాని కింద గృహ వినియోగదారు, వాణిజ్య వినియోగదారు అని రెండు సబ్‌క్లాసులు గీయడం చూడడానికి ముచ్చటగా ఉంటుంది, పరీక్షలో పూర్తి మార్కులు కూడా వస్తాయి. ఒకరు తమ ఇంటి ముందు గదిలో కిరాణా దుకాణం తెరిచి ఆ కనెక్షన్‌ను వాణిజ్య విభాగంలోకి మార్పించుకున్నారనుకోండి. జావాలో ఒక ఆబ్జెక్టును ఏ క్లాసుతో సృష్టించామో అది చివరిదాకా ఆ క్లాసుదే. ఇప్పుడు కొత్త ఆబ్జెక్టు సృష్టించి, సర్వీసు నంబరు, డిపాజిట్, బకాయిలు, పాత బిల్లుల చరిత్ర అన్నీ అందులోకి నకలు చేయాలి, పాతదాన్ని పట్టుకుని ఉన్న ప్రతి చోటునూ వెతికి మార్చాలి. విభాగం మనిషి పుట్టుక కాదు, ఆ కనెక్షన్‌కు ఫలానా తేదీ నుంచి వర్తించే ఒక లక్షణం. దాన్ని ఒక ఫీల్డుగా, తేదీతో సహా, వినియోగదారు క్లాసులో ఉంచితే ఈ చిక్కు రాదు. మారగలిగే దాన్ని ఇన్‌హెరిటెన్స్‌తో బిగించవద్దన్నది ప్రోగ్రామర్లు ఎన్నో ఏళ్లు దెబ్బలు తిని నేర్చుకున్న సంగతి. మన పాఠాల్లో ఇన్‌హెరిటెన్స్‌కు సిలబస్‌లో ఒక యూనిట్ మొత్తం కేటాయిస్తాం, ఒక ఆబ్జెక్టు మరో ఆబ్జెక్టును తన లోపల ఉంచుకుని పని చేయించుకోవడమనే సాదా పద్ధతిని రెండు పంక్తుల్లో దాటేస్తాం. నిజమైన ప్రోగ్రాముల్లో వాటి వాడుక చాలావరకు దీనికి తలకిందులుగా ఉంటుంది.

డబ్బు విషయం క్లుప్తంగా చెప్పి ముందుకు వెళతాను. రూపాయలను డబుల్ అనే దశాంశ సంఖ్యల రకంలో దాచడం మన రికార్డులన్నిటా కనిపిస్తుంది. 0.1, 0.2 అన్న దశాంశాలు ద్విసంఖ్యామానంలో కచ్చితంగా ఇమడవు, అందుకే ఆ రెండింటినీ కూడితే జావా 0.30000000000000004 అని చూపిస్తుంది. సొమ్ముకు ఒక చిన్న క్లాసు పెట్టి, లోపల పైసలను పూర్ణసంఖ్యగా దాచి, ఎక్కడ సవరించి పూర్తి రూపాయి చేయాలో ఆ క్లాసులోనే నిర్ణయిస్తే సరిపోతుంది.

క్లాసును తప్పుగా గీస్తే ఆ తప్పు ఎన్నాళ్లు బతుకుతుందో తెలుసుకోవడానికి జావా గ్రంథాలయాన్నే, అంటే ఆ భాషతో పాటు వచ్చే సిద్ధమైన క్లాసుల సముదాయాన్నే, చూడవచ్చు. 1996లో వచ్చిన తొలి విడుదల నుంచి అందులో స్టాక్ అనే క్లాసు ఉంది. చివర పెట్టినదాన్నే ముందు తీయాలన్నది స్టాక్ నియమం. కానీ దాన్ని వెక్టర్ అనే క్లాసుకు సబ్‌క్లాసుగా చేయడం వల్ల, వెక్టర్‌కున్న మెథడ్లన్నీ దానికీ వచ్చేశాయి, మధ్యలో ఎక్కడైనా ఒక వస్తువును దూర్చవచ్చు, ఎక్కడి నుంచైనా తీయవచ్చు. స్టాక్ లోపల వెక్టర్‌ను వాడుకోవడం వేరు, స్టాకే ఒక వెక్టర్ కావడం వేరు. స్టాక్‌కు బదులు ఏయే మెథడ్లు ఉండాలో మాత్రమే చెప్పే డెక్ అనే ఇంటర్‌ఫేస్‌ను వాడమని జావా అధికారిక వివరణే సూచిస్తున్నా, ప్రపంచమంతటా దాని మీద ఆధారపడి రాసిన కోడ్ ఉండడం వల్ల దాన్ని తీసివేయలేకపోతున్నారు. తేదీకి సంబంధించిన డేట్ క్లాసుదీ ఇదే కథ. సంవత్సరాన్ని 1900 నుంచి, నెలను సున్నా నుంచి లెక్కించడం ఒక ఇబ్బంది, సృష్టించిన తరువాత కూడా లోపలి విలువను మార్చగలగడం అంతకన్నా పెద్ద ఇబ్బంది. బిల్లు క్లాసు తన గడువు తేదీని గెటర్ ద్వారా బయటికి ఇస్తే, తీసుకున్నవారు ఆ డేట్ ఆబ్జెక్టును మార్చి, బిల్లుకు తెలియకుండానే దాని గడువును జరపగలరు. ఫీల్డు ప్రైవేట్ అయినంత మాత్రాన లోపలి సంగతి లోపల ఉంటుందన్న హామీ లేదని చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం లేదు. ఒకసారి సృష్టించాక మారని కొత్త తేదీ క్లాసులు జావాలోకి రావడానికి 2014 దాకా, అంటే ఎనిమిదో విడుదల దాకా ఆగవలసి వచ్చింది.

సబ్‌క్లాసు ఎప్పుడు తగినదన్న ప్రశ్నకు కంప్యూటర్ శాస్త్రవేత్త బార్బరా లిస్కోవ్ 1987లో ఒక సదస్సు ప్రసంగంలో చెప్పిన ఆలోచన నేటికీ గీటురాయి. మాతృక్లాసు ఆబ్జెక్టును వాడుకునే చోట సబ్‌క్లాసు ఆబ్జెక్టును పెట్టినా, వాడుకునేవారి అంచనా తప్పకూడదు. ఆమె 2008 సంవత్సరానికి ట్యూరింగ్ పురస్కారం పొందారు. గణితంలో చతురస్రం దీర్ఘచతురస్రంలో ఒక రకమే. అయినా వెడల్పును, ఎత్తును విడివిడిగా మార్చగల దీర్ఘచతురస్రం క్లాసుకు చతురస్రాన్ని సబ్‌క్లాసు చేస్తే, వెడల్పు మార్చగానే ఎత్తు కూడా మారిపోయి, దాన్ని వాడుతున్న కోడ్ తప్పు వైశాల్యం చూపిస్తుంది. ఆకారాలు ఒకసారి సృష్టించాక మారనివైతే ఈ సమస్యే రాదని చూపిస్తే, నిర్ణయం బొమ్మలోని బాణం గుర్తులను బట్టి కాక మెథడ్లు ఇచ్చే మాటను బట్టి ఉంటుందని విద్యార్థికి తెలుస్తుంది. ఆకారాల ఉదాహరణ మన పుస్తకాల్లో ఎప్పటి నుంచో ఉంది, కావలసినది ఈ రెండో సగమే.

దీనికి ఎదురయ్యే అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. సిలబస్ పూర్తి చేయడానికే సమయం చాలడం లేదని అధ్యాపకులు అంటారు. అరవై మంది రికార్డులు దిద్దవలసిన వారి శ్రమను నేను తక్కువ చేయడం లేదు. పరిశ్రమకు కావలసినది ఇది కాదు, ప్లేస్‌మెంట్ పరీక్షల్లో అడిగేది అల్గారిథమ్‌ల చిక్కుముడులే అని విద్యార్థులు అంటారు. అదీ కొంతవరకు నిజమే, ఆ తప్పు మా పరిశ్రమదే. కానీ ఉద్యోగంలో చేరిన తొలి వారం నుంచి వారికి అప్పగించేది ఎవరో రాసిన క్లాసులను అర్థం చేసుకుని, వాటిలో ఒక మార్పు చేసి, వేరే ఏదీ చెడకుండా చూసే పని. ఇప్పుడు కృత్రిమ మేధ సాధనాలు అడిగిన మెథడ్‌ను క్షణాల్లో రాసిస్తున్నాయి గనుక రూపకల్పన నేర్వనక్కరలేదన్న మాట కూడా వినిపిస్తోంది. రాయితీని టారిఫ్‌లో కలపమని అడిగితే ఆ సాధనం చక్కగా కలిపి ఇస్తుంది. కలపకూడదని గుర్తించవలసినది అడిగే మనిషి. కోడ్ రాయడం సులువైనకొద్దీ, ఏ కోడ్ ఎక్కడ ఉండాలన్న నిర్ణయం బరువు పెరుగుతుంది.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. రూపకల్పన నేర్పమనడం క్లాసుల సంఖ్య పెంచమనడం కాదు. డిజైన్ ప్యాటర్న్‌ల (తరచుగా వచ్చే సమస్యలకు పేరు పెట్టిన పరిష్కార నమూనాల) పేర్లు కొత్తగా నేర్చుకున్నవారు ప్రతి క్లాసుకూ ఒక ఇంటర్‌ఫేస్, ప్రతి ఆబ్జెక్టుకూ ఒక ఫ్యాక్టరీ (దాన్ని తయారుచేసే వేరే క్లాసు) పెట్టి, పది పంక్తుల పనిని పన్నెండు ఫైళ్లలో చల్లడం నేను తరచుగా చూస్తాను. ఎన్నడూ మారని దాని చుట్టూ గోడలు కట్టడం కూడా తప్పే, చదివేవారికి అది శిక్ష. రెండు శ్లాబులతో ఒకే ఒక్క నెల లెక్క చూపాలంటే ఒక చిన్న మెథడ్ చాలు, దాన్ని క్లాసులుగా చీల్చవలసిన పని లేదు. ఎక్కడ ఆపాలో సూత్రాలు చెప్పవు, కొన్ని ప్రోగ్రాములు రాసి, వాటిని మార్చి చూసినప్పుడే తెలుస్తుంది. అందుకే ఇది ఉపన్యాసంలో కాక ల్యాబులో జరగవలసిన చదువు.

విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళికా సంఘాలకు నా విన్నపం పెద్దదేమీ కాదు. ఇరవై చిన్న ప్రోగ్రాముల స్థానంలో పది ఉంచండి. మిగిలిన వారాల్లో ఒకే ప్రోగ్రామును విద్యార్థుల చేత మళ్లీ మళ్లీ మార్పించండి. మొదటి వారం మామూలు కరెంటు బిల్లు, తరువాతి వారం టారిఫ్ మార్పు, ఆ పై వారం మీటరు మార్పిడి, ఆ పైన రాయితీ. ప్రతిసారీ ఎన్ని క్లాసులను తాకవలసి వచ్చిందో రికార్డులో రాయించండి. ఆ సంఖ్యే వారి రూపకల్పనకు మార్కులు వేస్తుంది, అధ్యాపకులు వేరే దిద్దనవసరం ఉండదు. వీలైతే మూడో వారంలో రికార్డులను విద్యార్థుల మధ్య మార్చి ఇచ్చి, ఒకరి కోడ్‌ను మరొకరి చేత మార్పించండి. పక్కవారు రాసిన క్లాసులో మీటరు మార్పిడిని ఇరికించవలసి వచ్చినప్పుడు పేర్లు ఎందుకు స్పష్టంగా ఉండాలో, మెథడ్ ఎందుకు చిన్నదిగా ఉండాలో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

కంప్యూటర్లు చాలని కళాశాలలకు కూడా ఒక మార్గముంది. 1989లో కెంట్ బెక్, వార్డ్ కన్నింగ్‌హామ్ అనే ఇద్దరు ప్రోగ్రామర్లు, క్లాసుల గురించి ఆలోచించడం నేర్పడానికి చిన్న అట్టముక్కల పద్ధతిని ప్రతిపాదించారు. ఒక్కో అట్ట మీద క్లాసు పేరు, దాని బాధ్యతలు, ఆ బాధ్యతలు నెరవేర్చడానికి దానికి అవసరమైన ఇతర క్లాసులు రాస్తారు. ఒక్కో విద్యార్థి ఒక్కో అట్ట పట్టుకుని ఆ ఆబ్జెక్టుగా నిలబడతారు. బిల్లు లెక్కించమన్నప్పుడు బిల్లు ఎవరిని అడగాలి, వారు ఏం జవాబివ్వాలి అని నోటితోనే నడిపిస్తారు. ఒకే విద్యార్థి ఊపిరి తిరగనంతగా మాట్లాడుతుంటే ఆ క్లాసు మీద భారం ఎక్కువైందని, ఒకరు మొదటి నుంచి చివరిదాకా మౌనంగా ఉంటే ఆ క్లాసు అనవసరమని గదిలో ఉన్నవారందరికీ కనబడుతుంది. అట్ట మీద చోటు చాలకపోతే బాధ్యతలు ఎక్కువయ్యాయన్నమాట. దీనికి కరెంటు కూడా అక్కరలేదు.

పరీక్షల విషయంలో ఒక్క మార్పు చాలు. ఎన్‌క్యాప్సులేషన్‌ను నిర్వచించమనే ప్రశ్న స్థానంలో, ఒక పేజీ కోడ్ ముద్రించి, ఈ క్లాసులో ఏ నియమాన్ని బయటివారు ఉల్లంఘించగలరు, దాన్ని ఎలా అడ్డుకుంటారు అని అడగండి. ల్యాబ్ పరీక్షలో చివరి ముప్పావు గంటకు ముందు, అప్పటికే పనిచేస్తున్న ప్రోగ్రాములో ఒక కొత్త అవసరాన్ని ఇచ్చి చేర్చమనండి. బట్టీ పట్టి రాసినవారెవరో, అర్థం చేసుకుని రాసినవారెవరో ఆ ముప్పావు గంటలో తేలిపోతుంది.

మీ పత్రిక విద్యా పేజీలో ప్లేస్‌మెంట్ ప్రశ్నలకు, మాదిరి బిట్లకు స్థలం ఇస్తున్నారు. వారానికి ఒకసారి అందులో ఒక చిన్న క్లాసును, దానికి రాబోయే ఒక మార్పును ప్రచురించి, పాఠకుల జవాబుల్లో మంచివాటిని మరుసటి వారం వివరణతో వేస్తే, రెండు రాష్ట్రాల విద్యార్థులకూ అధ్యాపకులకూ అది ఉపయోగపడుతుంది. అటువంటి ప్రశ్నలు తయారుచేసి ఇవ్వడానికి నేనూ, ఈ వృత్తిలో ఉన్న నా మిత్రులు కొందరూ ఏ ప్రతిఫలమూ లేకుండా సిద్ధంగా ఉన్నాము. మొదటి వారానికి కరెంటు బిల్లు ప్రశ్నను పంపగలను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు,
హనుమకొండ.